దెయ్యం నాటిక వేస్తున్నారా? ముందు చీకటి కట్టుకోండి

బెంగళూరులో తెలుగు బృందం ఏదైనా దెయ్యం నాటిక ఎత్తుకుందంటే మొట్టమొదట కొనేది తెల్లచీర, విగ్గు, స్మోక్ మెషిన్. చీకటి సంగతి ప్రదర్శన రోజు సాయంత్రం నాలుగింటికి గుర్తొస్తుంది. అప్పటికి లైట్లు నడిపే కన్సోల్ దగ్గర ల్యాప్‌టాప్ ఒక పక్క, గ్రీన్ రూమ్ తలుపు సందులోంచి ట్యూబ్‌లైటు ఇంకో పక్క వెలుగుతుంటాయి. వింగ్‌లో (వేదిక పక్క మరుగులో) నిలబడ్డ దెయ్యం మొదటి రంగంలోనే నాలుగో వరస పిల్లాడి కంట పడుతుంది, వాడు చెయ్యూపుతాడు. ఈ వరస తిరగెయ్యాలి. ముందు చీకటి, తరవాత శబ్దం, తరవాత తలుపు. దెయ్యం ఆఖర్న, అదీ నాటిక మొత్తంలో మూడు సెకన్లు.

చెప్పేదంతా ఒకే సన్నివేశం మీద చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1990ల్లో బెంగళూరు ఇళ్ళ తలుపుల మీద, గోడల మీద "నాళె బా" అని రాసుకున్న రోజులు ఊళ్ళో పెద్దవాళ్ళకి గుర్తే. రాత్రిపూట ఒక ఆడదెయ్యం వచ్చి, ఇంట్లోవాళ్ళ గొంతుతోనే పిలిచి తలుపు కొడుతుందనీ, "రేపు రా" అని రాసి ఉంటే చదువుకుని వెళ్ళిపోతుందనీ, మర్నాడు మళ్ళీ అదే పాట అనీ పుకారు. మన వైపు "ఓ స్త్రీ రేపు రా" అన్నది దీని తోబుట్టువే. మన నాటికలో చామరాజపేటలో ఒక పాత అద్దె ఇల్లు. లలిత, ఆమె భర్త, అత్తగారు. భర్త మంచం మీద నిద్రపోతున్నాడు. బయటినుంచి అతని గొంతే "తలుపు తియ్యి" అంటుంది. కథ ఇంతే. మిగతాదంతా రంగస్థలం చెయ్యాల్సిన పని.

హాలు

జేపీ నగర్‌లోని రంగశంకర లాంటి చోట సుమారు 300 సీట్లు, వేదిక ప్రేక్షకుల్లోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వరు. ఆ కట్టుబాటు మీద సణుక్కునేవాళ్ళున్నారు గానీ దెయ్యం నాటికకి అది వరమే. మధ్యలో తలుపు తెరుచుకుని వరండా లైటు పడదు. ఇబ్బంది ఎక్కడంటే, పక్క సీట్లవాళ్ళకి వేదిక పక్కనుంచి కనబడుతుంది. కాబట్టి దాచాలనుకున్న ప్రతిదాన్నీ రెండు చివరి సీట్లలోనూ కూర్చుని చూసుకోవాలి. జేసీ రోడ్డు రవీంద్ర కళాక్షేత్ర పెద్దది, చట్రం లాంటి వేదిక. వింగ్స్‌లో ఏం దాచినా దాగుతుంది. కాకపోతే గుసగుస వెనక వరసదాకా వెళ్ళదు. శబ్దం మీద ఆధారపడ్డ నాటికకి 1000 సీట్ల హాలు కన్నా 300 సీట్ల హాలే మేలని మా ఖచ్చితమైన అభిప్రాయం, టికెట్ల లెక్క ఎలా ఉన్నా.

తలుపులు మూసి ఉంచని హాలైతే ప్రతి ప్రవేశం దగ్గరా రెండు నల్లతెరలు, మధ్య నాలుగడుగుల ఎడంతో కట్టండి. ఒకటి దాటి, అది మూసుకున్నాకే రెండోది తీసేలా ఒక మనిషిని నిలబెట్టండి.

చీకటి

గుడ్డ దగ్గర మొదలుపెడదాం. చిక్‌పేటలో నల్లగుడ్డ అనగానే సాటిన్ చేతిలో పెడతారు, చవక. వద్దు. పక్కనుంచి కొంచెం వెలుతురు తగిలినా మెరుస్తుంది. వెల్వెట్ గానీ, మందపాటి నల్ల కాటన్ గానీ తీసుకోండి. కొనే ముందు గుడ్డ వెనక ఫోన్ టార్చి వెలిగించి చూడండి. చుక్కలుగా వెలుతురు కనబడితే రెండు పొరలు వెయ్యాల్సి వస్తుంది. కుచ్చులు పెట్టి కట్టాలి కాబట్టి వెడల్పుకి ఒకటిన్నర రెట్లు గుడ్డ లెక్కేసుకోండి. వేదిక నేల మెరిసే చెక్క అయితే నల్ల కార్పెట్ పరచండి, లేకపోతే పైనుంచి పడ్డ ప్రతి కిరణమూ నేల మీదనుంచి ఎగిరి వెనక గోడ మీద పడుతుంది.

తరవాత హాల్లో లైట్లన్నీ ఆర్పించి పది నిమిషాలు కూర్చోండి. ఊరికే కాదు, కాగితం పట్టుకుని. మొదటి నిమిషంలో కనపడని వెలుగులు ఎనిమిదో నిమిషంలో కనపడతాయి: యాంప్లిఫయర్ ముందు నీలం చుక్క, వింగ్‌లో స్విచ్‌బోర్డు ఎర్ర ఇండికేటరు, వెంటిలేటర్ సందు, ఎవరి చేతి గడియారమో. వీటిని నల్ల టేపుతో మూసెయ్యండి. కన్సోల్ దీపానికి ముదురు నీలం ఫిల్టరు కట్టండి, ల్యాప్‌టాప్ వెలుగు పూర్తిగా తగ్గించి తెర పక్కల అట్టలు నిలబెట్టండి. ఎగ్జిట్ బోర్డుల జోలికి మాత్రం వెళ్ళకండి. మెట్ల దీపాలూ అంతే. అవి వెలగాల్సిందే, వాటికి దూరంగా ఉన్న మూలలో మీ దెయ్యాన్ని పెట్టుకోండి.

మనిషి కన్ను చీకటికి బాగా అలవాటు పడాలంటే 20–30 నిమిషాలు పడుతుంది, అందులో చెప్పుకోదగ్గ మార్పు మొదటి పది నిమిషాల్లోనే వస్తుంది. దీన్ని రెండు రకాలుగా వాడుకోవచ్చు. మొదటిది, ప్రేక్షకుల్ని నెమ్మదిగా దించడం: ఆట మొదలవడానికి పది నిమిషాల ముందే హాలు లైట్లు సగానికి తగ్గించండి, మొదటి రంగం మామూలు సాయంత్రం వెలుతురులో నడపండి, ఆ తరవాత రంగాన్ని ఆరేడు నిమిషాలు మసకలో ఉంచండి. ఇక అప్పుడు ఎంత కొద్ది వెలుతురులో ఏం చూపించినా కనబడుతుంది. తిన్నగా వరండా వెలుగులోంచి వచ్చి కూర్చున్నవాళ్ళకి మొదటి రంగమే చీకట్లో చూపిస్తే వాళ్ళకి దెయ్యమూ కనబడదు, కథా కనబడదు. పక్కవాణ్ణి "ఏం జరుగుతోంది" అని అడుగుతారు.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రేక్షకుల వైపు తిప్పిన గట్టి లైటు రెండు మూడు సెకన్లు వెలిగించి టక్కున ఆర్పేస్తే నాలుగైదు సెకన్లు ఎవరికీ ఏమీ కనబడదు. వేదిక మీద మనిషిని మాయం చెయ్యడానికి అంత వ్యవధి చాలు. ఈ రెండూ ఒకే రంగంలో వాడకండి. ఆరు నిమిషాలు కష్టపడి అలవాటు చేసిన చీకటి కన్ను ఒక్క మెరుపుతో మళ్ళీ మొదటికొస్తుంది. మూడో వరసలో ఫోను వెలిగినా అంతే, ఆ చుట్టూ ఉన్న పదిమందికీ నాటిక పోయినట్టే. అందుకే ఫోన్ల ప్రకటన తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెయ్యండి. వచ్చినవాళ్ళందరికీ తెలుగు వచ్చని అనుకోవద్దు.

లైట్లు

కింద నుంచి మొహం మీద ఆకుపచ్చ లైటు కొడితే ఈ ఊళ్ళో నవ్వు గ్యారంటీ. టీవీ సీరియళ్ళు దాన్ని ఏనాడో అరగదీశాయి.

ఇప్పుడు హాళ్ళలో ఎక్కువగా ఉంటున్న చవక ఎల్ఈడీ పార్‌లతో (గుండ్రటి డబ్బా లాంటి వేదిక లైట్లతో) ఒక చిక్కుంది. అవి వందనుంచి పది శాతందాకా నున్నగా తగ్గి, ఆ కిందికి వచ్చేసరికి మెట్లు మెట్లుగా దిగి చటుక్కున ఆరిపోతాయి. దెయ్యం రంగం నడిచేదంతా ఆ ఆఖరి పది శాతంలోనే. విరుగుడు ఏమిటంటే, లైటు మూతికి బూడిదరంగు ఫిల్టరు గానీ, పాలకాగితం లాంటి డిఫ్యూజన్ రెండు మూడు పొరలు గానీ వేసి వెలుతురుని అక్కడే చంపెయ్యండి. అప్పుడు డిమ్మరు 40 దగ్గర ఉంచినా బయటికి అయిదంతే వస్తుంది, తగ్గించడానికి కావల్సినంత జాగా మిగులుతుంది. పాత హాలోజన్ లైట్లు నున్నగా దిగుతాయి గానీ, తగ్గించేకొద్దీ ఎర్రబడతాయి. 20 శాతం దగ్గర ముదురు నీలం ఫిల్టరు వేస్తే వెన్నెల బదులు మురికి బూడిద వస్తుంది. వెన్నెలకి తక్కువ వాట్ల లైటుని ఎక్కువ మట్టంలో వెలిగించండి, ఫిల్టరు లీ కంపెనీ 201 నంబరు లాంటి లేత నీలం చాలు.

నీలం వెలుతురులో ఎరుపు నల్లగా కనబడుతుంది. లలిత కుంకుమబొట్టు వెన్నెల్లో నల్లచుక్క అవుతుంది. తెలియక చేస్తే అది తప్పు, తెలిసి చేస్తే అంతకన్నా చవకైన ఎఫెక్ట్ లేదు: సాయంత్రం పసుపు లైట్లో ఎర్రగా ఉన్న బొట్టు అర్ధరాత్రి కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి నల్లబడుతుంది. ఎవరూ దాని గురించి మాట్లాడక్కర్లేదు.

నీడలకి తోలుబొమ్మలాట వాళ్ళ లెక్కే లెక్క. దీపానికి మనిషి ఎంత దగ్గరైతే నీడ అంత పెద్దది. దీపం నుంచి మనిషి 4 అడుగులు, గోడ 12 అడుగులు ఉంటే నీడ మూడింతలు. అయిదున్నర అడుగుల అత్తగారి నీడ పదహారున్నర అడుగులకి లేస్తుంది. నీడ అంచు పదునుగా రావాలంటే దీపం చిన్నదై ఉండాలి, ముందు అద్దం గానీ డిఫ్యూజన్ గానీ ఉండకూడదు. లాంతరులో అసలు మంట పెట్టే పనైతే హాలు అనుమతి కావాలి, నెట్ క్లాత్ ఉన్న సెట్‌లో అయితే అనుమతిచ్చినా పెట్టకండి. ఎస్పీ రోడ్డులో ఒక వాట్ వార్మ్ ఎల్ఈడీ, దానికి తగ్గ డ్రైవరు (కరెంటుని అదుపులో ఉంచే చిన్న సర్క్యూటు), రీచార్జి సెల్ కొని లాంతరు చిమ్నీలో అమర్చండి. చిమ్నీకి లోపలివైపు పలచగా మసి పూస్తే ఎల్ఈడీ అని తెలియదు.

శబ్దం, తలుపు

భయం పుట్టేది అలవాటు తప్పినచోట. కాబట్టి ముందు అలవాటు చెయ్యాలి. ఈ ఇంటి తలుపు నాటికలో అయిదారు సార్లు మామూలుగా మోగాలి, మోగినప్పుడల్లా అది ఎవరో ప్రేక్షకుడికి తెలిసిపోవాలి. పాలవాడిది రెండు తట్లు. పక్కింటావిడది గబగబా మూడు, వెంటనే "లలితమ్మా" అని కేక. భర్తది రెండు, ఒక క్షణం ఆగి ఇంకొకటి, తరవాత "లల్లీ". భర్త తట్టడాన్ని రెండుసార్లయినా వినిపించండి.

ఆ రాత్రి తలుపు మోగుతుంది. రెండు. తరవాత మూడోది రావాల్సిన చోట రాదు. నాలుగు సెకన్లు. అప్పుడొస్తుంది. "లలితా, తలుపు తియ్యి."

లల్లీ అనలేదు. ఆ తేడా పట్టుకున్నవాళ్ళు హాల్లో ఒక పాతికమంది ఉంటారు. వాళ్ళు ఊపిరి బిగపట్టడం పక్కవాళ్ళకి తెలుస్తుంది, మిగతావాళ్ళకి అది అంటుకుంటుంది. దర్శకుడు ఇక్కడ సంగీతం వేసి ఆ తేడాని అరిచి చెప్పాలనుకుంటాడు. ఆపండి.

ఇది పని చెయ్యాలంటే కొన్ని చూసుకోవాలి. గొంతు రాకముందు కనీసం 20 సెకన్లు మంచం మీద భర్త కనబడాలి, ఆ 20 సెకన్లలో ఒకసారి పక్కకి ఒత్తిగిలాలి. కదలకపోతే దుప్పటి కింద దిండు పెట్టారనుకుంటారు, "నటుడు వెనక్కి వెళ్ళి మాట్లాడుతున్నాడు" అని లెక్కలు కడుతూ కూర్చుంటారు. తట్టేది ఎలాగూ వెనక ఉన్న మనిషే కాబట్టి మొదటి రంగంలో భర్త తట్లు కూడా అతనే కొట్టాలి. చెయ్యి మారితే తట్టు మారుతుంది, చెవి పట్టేస్తుంది.

తట్టుని రికార్డు చెయ్యకండి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తలుపు తడితే అట్టపెట్టె శబ్దం వస్తుంది. తలుపు వెనక, చెయ్యి తగిలేచోట అడుగు చదరం పాత టేకుచెక్క స్క్రూలతో బిగించి దాని మీద తట్టండి. ఫ్లాటు (సెట్ గోడ చట్రం) వెనక ఆనుకర్రలకి ఒక్కోదానికి 15–20 కిలోల ఇసుక బస్తా వెయ్యండి. తలుపు తడితే గోడంతా ఊగడం, దాంతోపాటు వెంకటేశ్వరస్వామి పటం ఊగడం, హాలంతా నవ్వడం — మూడూ వెంట వెంటనే జరుగుతాయి.

గొంతు మాత్రం రికార్డే. అదే నటుడితో, దుప్పట్లు కట్టిన గదిలో, మైకుకి అరడుగు దూరంలో. భయపెట్టేలా చెప్పమనకండి, తాళం చెవి మర్చిపోయి వచ్చినవాడిలా చెప్పమనండి. ఎకో పెట్టారంటే దెయ్యం అని బోర్డు పెట్టినట్టే. చిన్న స్పీకరుని తలుపు వెనక, అయిదడుగుల ఎత్తున, మనిషి నోరు ఉండేచోట పెట్టండి. అసలు తలుపు అడ్డం ఉంది కాబట్టి గొంతు దానంతట అదే మందగిస్తుంది. కంప్యూటర్లో కూడా మందగింపజేస్తే మాట అర్థం కాదు.

పెద్ద హాల్లో ఆ స్పీకరు చాలదు, హాలు స్పీకర్ల సాయం కావాలి. అక్కడే చాలామంది దెబ్బతింటారు. హాలు స్పీకర్లు వేదికకి ముందు, రెండు పక్కలా ఉంటాయి. గొంతు తలుపు దగ్గరనుంచి కాక గోడలోంచి వచ్చినట్టుంటుంది. చెవి ఏ శబ్దం ముందు చేరితే అటే మూలం ఉందనుకుంటుంది. శబ్దం మిల్లీసెకనుకి సుమారు 1.1 అడుగు ప్రయాణిస్తుంది. తలుపు హాలు స్పీకర్ల కన్నా 20 అడుగులు వెనక ఉంటే 18 మిల్లీసెకన్లు, దానికి ఇంకో 12 కలిపి హాలు స్పీకర్లకి 30 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టండి. మిక్సర్లో డిలే అని ఉంటుంది. మట్టం ఎంతంటే, హాలు స్పీకరు మోగుతున్నట్టు తెలియకూడదు, ఆపేస్తే మాత్రం తేడా తెలియాలి.

ఇంక నిశ్శబ్దం. ఏసీ హోరు ఉన్న హాల్లో నిశ్శబ్దమన్నది ఉండదు, దాన్ని తయారుచేసుకోవాలి. రంగం మొదటినుంచీ వినీ వినబడనట్టు ఫ్యాను చప్పుడు, కీచురాళ్ళు నడపండి. ఆరేడు నిమిషాలకి జనం వాటిని మర్చిపోతారు. తట్టుకి రెండు సెకన్ల ముందు ఆపెయ్యండి. ఏదో ఆగిందని తెలుస్తుంది, ఏం ఆగిందో తెలియదు.

కుక్కరు విజిల్ కూడా ఇలాగే. మొదటి సాయంత్రం లలిత "అత్తయ్యా, మూడు విజిల్స్ వచ్చాక స్టవ్ కట్టెయ్యండి" అంటుంది, మూడు వస్తాయి. రెండో సాయంత్రం రెండే వస్తాయి. పాతిక సెకన్లకొకటి చొప్పున వేస్తే మూడోది ఎప్పుడు రావాలో హాలంతా తెలియకుండానే లెక్కపెడుతుంది. రెండో విజిల్ తరవాత 30వ సెకనులో లలిత వంటింటివైపు ఒకసారి చూసి, చేస్తున్న పని చేసుకుపోతుంది. అంతే, దాని గురించి మళ్ళీ ఎత్తకండి.

19 హెర్ట్జ్ శబ్దం పెడితే జనానికి గుండెల్లో గుబులు పుడుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. 1998లో విక్ టాండీ అనే ఇంగ్లీషు ఇంజనీరు రాసిన పేపరు నుంచి పుట్టిన మాట అది. అద్దెకిచ్చే సబ్ వూఫర్లు అంత లోతుకి దిగవు. ఆ డబ్బుతో టేకుచెక్క కొనుక్కోండి.

గడియ కదలడం. లలిత తలుపు దగ్గరికి వెళ్ళి, చెయ్యి గడియ మీద పెట్టబోయి ఆగుతుంది. ఆమె చెయ్యి తగలకుండానే గడియ ఒక అంగుళం జరుగుతుంది. చేపల గేలానికి వాడే సన్న నైలాన్ దారం గడియ కాడకి కట్టి, తలుపు లోపలి మొహం మీదుగా బందుల వైపుకి తీసుకెళ్ళి, బందు పక్కనే కన్నం చేసి వెనక్కి తియ్యండి. కన్నం బందు దగ్గరే ఎందుకంటే, తలుపు తెరిచినా మూసినా అక్కడ దారం పెద్దగా కదలదు. గడియవైపు అంచు నుంచి తీసినవాళ్ళకి మొదటి రంగంలో పాలవాడికి తలుపు తియ్యగానే తెగిపోతుంది. గడియకి కొవ్వొత్తి మైనం రుద్దండి. దారం పక్క లైటుకి మెరుస్తుంది, నల్ల మార్కరు పూయండి. లాగేటప్పుడు ఒకేసారి కాదు: అంగుళం, ఆగి, ఇంకో అంగుళం. లలిత దాన్ని రెండు చేతులతో వెనక్కి తోస్తుంది. తలుపు తెరుచుకోదు.

మూడు సెకన్లు

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల్లో మాయలన్నీ నిండు వెలుతురులో, ప్రేక్షకుడు కళ్ళప్పగించి చూస్తుండగా జరుగుతాయి. అక్కడ ఆనందం చూడడంలో ఉంది. దెయ్యం కథలో అదే పనితనం వాడాలి గానీ వాడే చోటు వేరు: అందరూ గడియ వైపు చూస్తున్నప్పుడు, రెండో వైపున.

మంచం వెనక గోడలో 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ముక్కని నెట్ క్లాత్‌తో చెయ్యండి. ముందునుంచి లైటు పడితే అది గోడ, వెనక లైటు వెలిగితే గోడ కరిగి వెనక మనిషి కనబడుతుంది. దోమతెర గుడ్డ పనికిరాదు, కన్నాలు పెద్దవి. ముందు లైట్లోనే వెనకదంతా కనబడుతుంది. కన్నాలు సన్నగా, దారం కాస్త మందంగా ఉన్న నెట్ కావాలి. కొట్లోనే ముందునుంచి టార్చి వేసి వెనక చెయ్యి పెట్టి చూడండి. రంగు పలచగా నీళ్ళలా కలిపి స్పాంజితో అద్దండి. చిక్కగా వేస్తే కన్నాలు పూడుకుపోయి అది నిజంగానే గోడ అవుతుంది. మిగతా గోడలకి కూడా ప్లైవుడ్ మీద కాటన్ గుడ్డ అంటించి అదే రంగు వెయ్యండి, లేకపోతే నెట్ ముక్క ఒక్కటే అతుకులా తెలిసిపోతుంది. రెండూ కలిసేచోట నిట్రాట నిలబెట్టి దాచండి. అడుగున మడత కుట్టి అరంగుళం ఇనుపగొట్టం దూర్చితే ముడతలు పోతాయి.

ముందు లైటు నిటారుగా పైనుంచి, నెట్‌కి దగ్గరగా పడాలి. హాల్లోంచి తిన్నగా పడితే కన్నాల్లోంచి దూరి వెనకదాన్ని వెలిగిస్తుంది. దెయ్యం వేషం నెట్‌కి అయిదడుగులు వెనక, తన వెనక నల్ల వెల్వెట్. ఆ మనిషి మీద లైటు పక్కనుంచి, సన్నగా, నెట్‌ని తాకకుండా. క్యూ (ఎప్పుడు ఏది మారాలో చెప్పే సూచన) ఇలా: మంచం మీద లైటు రెండు సెకన్లలో దిగుతుంది, వెనక లైటు రెండు సెకన్లలో లేస్తుంది, మూడు సెకన్లు నిలుస్తుంది, టక్కున ఆరుతుంది. సగంమంది చూడరు. చూడనివ్వకండి, ఇంకోసారి చూపించకండి. ఇంటికెళ్ళే దారిలో చూసినవాళ్ళు చూడనివాళ్ళతో వాదులాడుకోవడమే మీకు కావాల్సింది.

1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ చూపించిన అద్దం దెయ్యం గురించి అడిగేవాళ్ళుంటారు. వేదికకి, ప్రేక్షకులకి మధ్య 45 డిగ్రీల వాలులో పెద్ద అద్దం (అవతల కనబడే మామూలు గాజు), కింద దాగిన నటుడి ప్రతిబింబం అందులో. అద్దం వెలుతురులో పదోవంతు మాత్రమే తిప్పికొడుతుంది కాబట్టి దాగిన మనిషి మీద భారీ లైటు కావాలి, ఆ లైటు ఎక్కడికీ చిందకూడదు, అంత అద్దం లారీలో తేవాలి, పక్క సీట్లవాళ్ళకి బొమ్మ పక్కకి జరిగిపోతుంది. చిన్న బృందాలు దీన్ని వదిలేయడమే మంచిది.

వేషం గురించి రెండు మాటలు. తళతళలాడే తెల్లచీర కొద్ది లైటుకే పేలిపోతుంది. అయిదు లీటర్ల నీళ్ళలో 50 గ్రాముల టీపొడి మరిగించి వడకట్టి, పావుగంట నానబెట్టండి. పాతగుడ్డ రంగు వస్తుంది. అంచు నేలని తాకాలి. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని మనవాళ్ళు నమ్ముతారు గనక, పాదాలు కనబడకపోతేనే మంచిది. ప్రేక్షకుడు వాటికోసం వెతుకుతాడు. మొహానికి పౌడరు వద్దు. జుట్టు కూడా విరబోయకండి, నున్నగా దువ్వి ముడి పెట్టండి. మీ అత్తగారి ఫొటోలో ఎవరో ఒకరిలా ఉండాలి.

పొగ

నెట్ వాడుతుంటే పొగ తక్కువే మేలు. పొగలో లైటు గీతలా కనబడి వెనక లైటు రహస్యం బయటపెడుతుంది. వాడాలంటే గాలిలో పలచటి మంచులా పరిచే హేజ్ మెషిన్, ఆటకి 20 నిమిషాల ముందు పలచగా. ఖాళీ హాల్లో చేసిన పరీక్ష నమ్మకండి, జనం నిండాక, ఏసీ వేశాక గాలి దారి మారుతుంది. పొగ డిటెక్టర్ల గురించి హాలువాళ్ళకి ముందే రాసివ్వండి, మీ అంతట మీరు వాటికి కవరు కట్టకండి.

నేలమీద పాకే పొగకి డ్రై ఐస్ అడుగుతారు. అది మైనస్ 78.5 డిగ్రీలు, చేతికి తగిలితే కాలుతుంది. కిలోకి సుమారు 540 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, గాలికన్నా బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది. మన నాటికలో భర్త పడుకున్నది అడుగున్నర ఎత్తు మంచం మీద. అందుకే ఈ నాటికకి డ్రై ఐస్ పూర్తిగా నిషిద్ధం. ఏ నాటికలోనైనా నేల మీద పడుకునే పాత్ర ఉంటే అంతే.

నవ్వు

భయం పెరిగినప్పుడు జనం నవ్వుతారు, అది మీ తప్పు కాదు. ఎక్కడ నవ్వాలో ముందే మీరు చోటు చూపించకపోతే గడియ కదిలినప్పుడు నవ్వుతారు, అది మాత్రం మీ తప్పు. మొదటి రంగంలో తలుపు మీద రాతని అత్తగారు చూస్తుంది.

"కన్నడంలో రాశావేమే? మన తెలుగు దెయ్యం వస్తే?"

"అక్షరాలు ఇంచుమించు అవే కదత్తయ్యా. కూడబలుక్కుని చదువుకుంటుందిలెండి."

ఈ ఊరి తెలుగువాళ్ళు దీనికి నవ్వి తీరతారు. ఆ నవ్వుతో రాత అందరికీ గుర్తుండిపోతుంది, అది తరవాత అవసరం.

రిహార్సల్

మాటలు లేకుండా క్యూలు మాత్రమే నడిపే రిహార్సల్‌కి కనీసం రెండున్నర గంటలు ఉంచుకోండి. అందులో గంట తలుపుకే పోతుంది. తట్టే మనిషి, దారం లాగే మనిషి, నెట్ వెనక మనిషి ముగ్గురూ చీకట్లో తమ దారి నాలుగుసార్లు నడవాలి. దారి మూడడుగుల వెడల్పు ఖాళీగా ఉండాలి, కేబుళ్ళు టేపుతో నేలకి అంటించాలి. రేడియం టేపు గోటి ముక్కంత చాలు. అరచేయంత వేస్తే బాల్కనీకి నక్షత్రాలు కనబడతాయి. గడియ దారం ఆటకి ముందు, విరామంలో రెండుసార్లూ లాగి చూడడం ఒక్క మనిషి బాధ్యతగా పెట్టండి. పెద్ద శబ్దాలు, చీకటి ఉన్నాయని టికెట్ దగ్గరే బోర్డు పెట్టండి.

ఇక తలుపు మీది రాత. తలుపు లోపలికి తెరుచుకుని పూర్తిగా గోడకి ఆనేలా బందులు బిగించండి. అప్పుడు దాని బయటి మొహం ప్రేక్షకుల వైపు తిరుగుతుంది, రాత కనబడుతుంది. ముదురు రంగు తలుపు, సుద్దముక్కతో ఆరంగుళాల అక్షరాలు, "నాళె"కి "బా"కి మధ్య అరడుగు ఎడం. పాలవాడికి తలుపు తీసినప్పుడల్లా రెండు మాటలూ స్పష్టంగా చదవడానికి మూడు సెకన్లు ఇవ్వండి. గడియ రంగం అయ్యాక, తలుపు మూసి ఉండగానే, తట్టే మనిషి వెనకనుంచి పొడిగుడ్డతో మొదటి మాట తుడిచెయ్యాలి. తడిగుడ్డ వాడితే మరక మిగిలి ఎవరో తుడిచారని తెలుస్తుంది.

తెల్లవారుతుంది. మామూలు పసుపు లైటు, కీచురాళ్ళ బదులు కాకులు. రెండు తట్లు, పాలవాడివి. లలిత గిన్నె పట్టుకుని వచ్చి తలుపు పూర్తిగా తీస్తుంది. బయట ఎవరూ లేరు. తలుపు మీద "బా" ఒక్కటే ఉంటుంది. అయిదు సెకన్లు ఆ లైటు అలాగే ఉంచి, పది సెకన్లలో దించండి.